భుజాలు దాటిన హ్యాండిల్

మా మేనత్తకి మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే మొహంకేసి కాకుండా మోచేతులకేసి చూస్తుంది. "ఓ, మీరేనా! మీ మేడమెట్ల రెయిలింగు ముప్ఫై నాలుగు అంగుళాల ఎత్తు. మీ అమ్మగారికి అందుతోందా?" అంటుంది. అందుకే వీధిలో అందరూ ఆవిణ్ణి కొలతలక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదే అసలు పేరనుకుని ఉత్తరాల మీద కూడా అలాగే రాస్తారు.

ఆవిడ పని గొట్టాలు వంచడం. ఇంటికి నాలుగిళ్ళ అవతల రేకుల కప్పున్న పొడుగాటి గది ఆవిడ షాపు. గోడ వెంబడి లావును బట్టి వరసగా నిలబెట్టిన ఇనప గొట్టాలు, మధ్యలో నల్లగా మాడిన బల్ల, బల్ల మీద గుండ్రటి ఇనప అచ్చులు, మూలన డబ్బాలో జల్లించిన ఇసుక. ఇసుక ఎందుకంటే, ఖాళీ గొట్టాన్ని వంచితే మలుపు దగ్గర నొక్కుకుపోయి చొట్టపడుతుంది. అందుకని అత్త గొట్టం నిండా పొడి ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు బిగించి, వంచాల్సిన చోట ఎర్రబడేదాకా మంట పెట్టి, అచ్చు చుట్టూ నెమ్మదిగా లాగుతుంది. ఆ లాగేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. ఆ క్షణంలో ఎవరైనా "అక్కా, టీ తాగుతావా?" అని అడిగితే వాళ్ళ పని అయిపోయినట్టే.

ఈ పని మా తాతయ్యది. చూపు మందగించాక ఆయన పన్నెండేళ్ళ కూతురి చేత టేపు చదివించేవాడు. మా నాన్న కొడుకే అయినా ఆయనకి మంటంటే భయం, బడిపంతులు ఉద్యోగంలోకి పారిపోయాడు. "మీ నాన్న ఇప్పటికీ పొయ్యి వెలిగిస్తే వంటింట్లోంచి బయటికొచ్చేస్తాడు" అని అత్త నన్ను చూసినప్పుడల్లా నవ్వుతుంది. ఇరవయ్యో ఏటికల్లా మంట గొట్టం ఆవిడ చేతికొచ్చింది. అప్పట్లో షాపుకొచ్చినవాళ్ళు "మేస్త్రీ లేడా అమ్మా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నాడు, ఇదిగో" అని తన చెయ్యే చూపించేది.

మామయ్య పరిచయం కూడా ఆ షాపులోనే. ఆయన దర్జీ. కుట్టిన బట్టలు తగిలించడానికి ఒక గొట్టం కావాలని వచ్చాడు.

"పన్నెండడుగులది కావాలండి."

"మీ గది పొడుగెంత?"

"పదకొండు."

"మరి పన్నెండెందుకు?"

"బట్టలు పెరుగుతాయేమోనని" అన్నాడు మామయ్య, పాపం, ఆవిణ్ణి చూస్తూ నోటికొచ్చింది అనేసి. అత్త పగలబడి నవ్వింది. ఆ గొట్టాన్ని మార్చి ఇమ్మని ఆయన మరో నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "అబ్బాయీ, గొట్టంలో ఏ లోపమూ లేదు. నీకేం కావాలో సూటిగా చెప్పు" అన్నాడట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అత్త తన పనిలో ఎప్పుడూ తలదించుకోలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ వంచిన ఊయల విరగలేదు, ఆసుపత్రి మంచం కుంగలేదు. అలాంటి మనిషికి యాభై మూడో ఏట ఒక హ్యాండిల్ పరీక్ష పెట్టింది.

ఆ హ్యాండిల్ మామయ్య అన్నగారి కోసం చేసింది. నాకు పెదమామయ్య అవుతాడు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింటి పై వాటాలో ఉంటాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. అంత మనిషీ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. నాలుగడుగుల గది, అందులో ఎనిమిది మంది, మూలన ముడుచుకుని ఈయన. ఉద్యోగం అయిపోయిన వారానికే ఎక్కణ్ణించో పాత బరువైన మోటార్‌సైకిలు ఒకటి తోలుకొచ్చాడు. దాన్ని మూడు రోజులు తుడిచి, నాలుగో రోజు ఒక కాగితం ముక్క పట్టుకుని అత్త షాపుకెళ్ళాడు. పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ. ఎవరో ఖాళీ రోడ్డు మీద పోతున్నాడు, బండి హ్యాండిల్ కొమ్ముల్లా పైకి లేచి ఉంది, అతని పిడికిళ్ళు చెవుల దాకా ఉన్నాయి.

"అమ్మాయ్, ఇలాంటిది వంచగలవా?"

"వంచలేకేం బావగారూ? కానీ ఇదేంటి, బట్టలారేసే దండెంలా ఉంది?"

"నవ్వకమ్మా. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేతులు పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. కాస్త ఇటు చాస్తే ఎవరిదో గొడుగు, అటు చాస్తే ఎవరిదో క్యారేజీ. ఇప్పుడైనా చేతులెత్తి, గుండెల నిండా గాలి పీల్చుకుంటూ పోవాలనుంది."

అత్త టేపు తీసింది.

మూడు రోజులు పట్టింది. బొమ్మలో ఉన్నట్టే పద్దెనిమిది అంగుళాలు పైకి లేపి, రెండు చివరలూ వెనక్కి తిప్పి, మెరిసే పూత వేయించింది. అంత ఎత్తుకి పాత తీగలు అందవు కాబట్టి క్లచ్ వైరూ, ఎక్సలేటరు వైరూ, ముందు బ్రేకు పైపూ అన్నీ పొడుగువి తెప్పించి బిగించింది. పెదమామయ్య ఎక్కి కూర్చుని రెండు చేతులూ పైకెత్తి పిడులు పట్టుకున్నాడు. ఆ మొహం చూడాలి. అరవై ఏళ్ళ మనిషి మొహంలో ఆరేళ్ళ సంబరం.

వీధంతా బయటికొచ్చింది. పాలాయన సైకిలాపి, "ఏం పెద్దాయనా, పోలీసులకి లొంగిపోతున్నారా?" అని అరిచాడు. పెదమామయ్య నవ్వుతూనే వెళ్ళిపోయాడు. తిన్నటి రోడ్డు మీద ఆ బండి బాగానే పోయింది. ఎనిమిది రోజులు ఆయనకి భూమ్మీద కాలు ఆనలేదు.

తొమ్మిదో రోజు ఆనింది, కాలొక్కటే కాదు.

పరుపుల కొట్టు పక్కన ఎడమచేతి సందులోకి మెల్లగా మలుపు తిరుగుతున్నాడు. హ్యాండిల్ ఎడమకి తిరిగేసరికి కుడిచేతి పిడి అందనంత ముందుకి పోయింది. దాన్ని వదలకూడదని ఒళ్ళంతా సాగదీశాడు. మణికట్టు మెలితిరిగి ఎక్సలేటరు తెరుచుకుంది. బండి ఒక్కసారి గుర్రంలా గెంతి ఆయన్ని కొట్టు ముందున్న పరుపుల దొంతర మీదికి విసిరేసింది. దూది పరుపులు కాబట్టి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది. కొట్టాయన "ఏ సైజు కావాలండీ?" అని అడిగాడని ఊళ్ళో చెప్పుకున్నారు గానీ అది నిజం కాదు. ఆయన నిజంగా కంగారుపడి కుర్చీ తెచ్చి వేశాడు.

కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చి లేవదీశాడు, మంచినీళ్ళిచ్చాడు, బండిని పక్కన పెట్టించాడు. అన్నీ అయ్యాక జేబులోంచి చలానా పుస్తకం తీశాడు.

"బాబూ, పడ్డందుకు కూడా రాస్తారా?" అన్నాడు పెదమామయ్య.

"పడ్డందుకు కాదు సార్. మీరు కూర్చుంటే పిడులు మీ భుజాల కన్నా పైనున్నాయి. చట్టం ఒప్పుకోదు. బండి కాగితాలు తనిఖీ ఆఫీసుకి పంపుతాను. పది రోజుల్లో హ్యాండిల్ సరిచేయించి అక్కడ చూపించండి. అప్పటిదాకా రోడ్డెక్కించకండి."

బండిని తోసుకుంటూ ఇంటికొచ్చిన పెదమామయ్య ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. మామయ్యా నేనూ కూడా నవ్వాం. అత్త నవ్వలేదు. కానిస్టేబుల్ రాసిచ్చిన చీటీ తీసుకుని రెండుసార్లు చదివింది. నడిపేవారు సీటు మీద కూర్చున్నప్పుడు చేతిపిడులు వారి భుజాల ఎత్తు దాటరాదని అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ తర్వాత ఆయన మోకాలుకేసి చూసింది.

"నా చేతిపని వల్ల మనిషి కింద పడ్డాడు" అంది.

"ఛ ఛ, నీదేం తప్పమ్మా? అడిగింది నేను కదా."

"మీకు తెలియకపోవచ్చు బావగారూ. నాకు తెలియాలి. ఎత్తు కొలిచాను, వెడల్పు కొలిచాను, బండి నిలబడి ఉండగా కొలిచాను. తిరిగేటప్పుడు ఏమవుతుందో ఒక్కసారైనా చూశానా? అసలు నాకు బండి నడపడమే రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని హ్యాండిళ్ళు వంచానో! చెప్పులేసుకోకుండా చెప్పులు కుట్టినట్టుంది నా బతుకు."

మర్నాడు పొద్దున్నే నా గదికొచ్చింది. నేను అత్తవాళ్ళింట్లోనే ఉండి మందుల కంపెనీలో పనిచేస్తాను. రోజంతా బండి మీద డాక్టర్ల చుట్టూ తిరగడమే నా ఉద్యోగం.

"ఒసేయ్, నాకు బండి నేర్పు" అంది.

వెనకాలే వచ్చిన మామయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "యాభై మూడేళ్ళకి బండి నేర్చుకుంటావా?"

"యాభై నాలుగుకి నేర్చుకోమంటారా?"

ఆ మధ్యాహ్నమే అత్త లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకుంది.

మూతబడిన అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఒకటి మా ఇంటికి దగ్గర్లో ఉంది. దాని ఆవరణలో విశాలమైన సిమెంటు నేల. కాపలా ఆయన నాకు తెలుసు, రోజూ పొద్దున్న రెండు గంటలు మమ్మల్ని రానిచ్చేవాడు. మొదట నా చిన్న బండి మీద మొదలుపెట్టాం. అత్త క్లచ్ వదిలిన మొదటిసారి బండి ఎగిరిపడి ఆగిపోయింది. రెండోసారీ అంతే. "దీనికి నేనంటే ఇష్టం లేదే" అంది. "అత్తా, నువ్వు గొట్టం లాగేటప్పుడు ఎలా లాగుతావు?" అన్నాను. అంతే, ఊపిరి బిగబట్టి వేళ్ళు నెమ్మదిగా విప్పింది. బండి కదిలింది. ఆ ఆవరణలో ఆవిడ పెట్టిన కేక విని గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"పోతోందే! ఇది పోతోందే!"

"బ్రేకు అత్తా, బ్రేకు!"

"ఎందుకే బ్రేకు, బాగానే పోతోందిగా!"

గోడ దగ్గరపడ్డాక ఆవిడకే అర్థమైంది ఎందుకో. అడుగు దూరంలో ఆగి, వెనక్కి తిరిగి చూసి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. షాపులో ఆవిడ పెద్దరికం వేరు, ఇది వేరు.

ఐదో రోజుకి చిన్న బండి మీద గుండ్రంగా తిరగడం వచ్చింది. ఆరో రోజు పెదమామయ్య బండిని ముగ్గురం కలిసి తోసుకుంటూ ఆవరణలోకి తెచ్చాం. కాగితాలు లేవు కాబట్టి రోడ్డు మీద స్టార్టు చేయనివ్వలేదు అత్త. పెదమామయ్య "సందులో ఎవరు చూస్తారమ్మా?" అని గొణిగినా ఒప్పుకోలేదు.

ఆ ఎత్తు హ్యాండిల్ పట్టుకుని అత్త ముందు తిన్నగా వెళ్ళింది. తర్వాత నడక వేగంతో ఎడమకి తిరిగింది. సగం మలుపులో ఆగి కాళ్ళు రెండూ ఆన్చేసింది.

"తెలిసిందే" అంది. "తిప్పేకొద్దీ బయటి చెయ్యి దూరమైపోతోంది. దాని వెంట నేనూ జారుతున్నాను. జారితే మణికట్టు మడతపడుతోంది, మడతపడితే ఎక్సలేటరు దానంతటదే లాగుతోంది. పడకేం చేస్తాడు మానవుడు?"

ఇంకో పావుగంట తిన్నగానే తిరిగింది. దిగాక వేళ్ళు ఆడించుకుంటూ, "చేతులు పైకెత్తి ఉంచితే రక్తం కిందికి దిగిపోతోంది. చిటికెనవేళ్ళు మొద్దుబారాయి. మీకూ ఇలాగే ఉంటుందా బావగారూ?" అని అడిగింది.

పెదమామయ్య చేత్తో హ్యాండిల్ తుడుస్తూ, "ఉంటుందమ్మా. చెబితే తీసేస్తావని చెప్పలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం షాపులో కొలతలు తీశాం. పెదమామయ్య కూర్చుంటే పిడులు భుజాల కన్నా ఐదు అంగుళాలు పైన తేలాయి. పైగా పాత సీటు స్పాంజి కుంగిపోయి ఆయన అంగుళమున్నర లోపలికి దిగబడుతున్నాడు.

పెదమామయ్య మొహం వెలిగింది. "అయితే సీటు మీద రెండు దిండ్లు వేస్తే నా భుజాలే పైకొస్తాయి కదా! హ్యాండిల్ జోలికి పోనక్కర్లేదు."

"రెండు దిండ్ల మీద కూర్చుంటే కాళ్ళు నేలకందవు. ఈసారి పడేచోట పరుపులుంటాయో లేదో" అంది అత్త. "సీటు సంగతి మీ తమ్ముడు చూసుకుంటాడు, కొత్త స్పాంజి పెట్టి తొడుగు కుడతాడు. హ్యాండిల్ మాత్రం దించాల్సిందే."

"అయితే మళ్ళీ ఆ లిఫ్టులోకే తోసేస్తున్నావన్నమాట."

నవ్వుతూ అన్నా, ఆ మాట అత్తకి గుచ్చుకుంది. రాత్రి అన్నం తింటూ కూడా ఏదో ఆలోచిస్తూనే ఉంది. మర్నాడు పెదమామయ్యని పిలిచి, హ్యాండిల్ పూర్తిగా విప్పేసిన బండిని షాపు గోడ పక్కన నిలబెట్టి, కొత్త స్పాంజి వేసిన సీటు మీద కూర్చోమంది.

"కళ్ళు మూసుకోండి. మీకు నచ్చిన రోడ్డు మీద పోతున్నారనుకోండి. చట్టం, బొమ్మ, నేను, ఎవరూ లేరు. చేతులు ఎక్కడ హాయిగా ఉంటాయో అక్కడ పెట్టండి. తొందర లేదు."

పెదమామయ్య కళ్ళు మూసుకున్నాడు. మొదట చేతులు బాగా పైకెత్తాడు. ఒక నిమిషం గడిచింది. చేతులు వాటంతటవే కాస్త దిగాయి, కాస్త దగ్గరికొచ్చాయి. మోచేతులు వదులుగా వంగాయి. భుజాలు విప్పారాయి, ఛాతీ తెరుచుకుంది. మొహంలో ఏదో రోడ్డు కనబడుతున్నట్టు చిన్న నవ్వు. అత్త చప్పుడు చేయకుండా గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. తర్వాత టేపు పెట్టి చూసింది. ఆ గీత భుజాల కన్నా నాలుగు వేళ్ళ కింద ఉంది.

"కళ్ళు తెరవండి బావగారూ. మీ చేతులకి కావాల్సింది ఇదీ. ఆ బొమ్మలోవాడి చేతులకి ఏం కావాలో మనకనవసరం."

పెదమామయ్య గీతకేసి, తన చేతులకేసి మార్చి మార్చి చూసుకున్నాడు. "ఇదేదో బాగానే ఉందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

కొత్త హ్యాండిల్ పదకొండు అంగుళాలే లేచింది. కానీ అత్త దాన్ని బాగా వెనక్కి లాగింది, రెండు వైపులా అంగుళం చొప్పున వెడల్పు తగ్గించింది, పిడులు మణికట్టుకి అనువుగా కిందికి వాల్చింది. వైర్లు కూడా కొత్త కొలతకి మార్చింది, ఎక్కువ పొడుగున్న వైరు మలుపులో ఎక్కడైనా చిక్కుకుంటుందని. ఈసారి బిగించగానే మురిసిపోలేదు. హ్యాండిల్‌ని ఆ కొసకీ ఈ కొసకీ తిప్పి, పెదమామయ్య సీటు మీద వీపు కదపకుండా రెండు చేతులూ అందుతున్నాయో లేదో చూసింది. తర్వాత ఫ్యాక్టరీ ఆవరణలో తను మూడు చుట్లు తిరిగి చూసింది. ఆ తర్వాతే ఆయనకిచ్చింది.

పదో రోజున తనిఖీ ఆఫీసుకెళ్ళాం. బండిని ఒక చిన్న ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్ళాం. అక్కడొక పెద్ద ఆవరణ, నేల మీద పసుపు గీతలు, నాలుగు ఖాళీ డ్రమ్ములు, రేకుల పందిరి కింద బల్ల. బల్ల మీది కాగితాలు గాలికి ఎగరకుండా బండి విడిభాగాలే బరువులుగా పెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతుకుతోంది.

"నెత్తి మీద ఉందండి" అన్నాడు మామయ్య. ఆవిడ మాకేసి సీరియస్‌గా చూసి కళ్ళజోడు దించుకుంది.

పెదమామయ్యని బండెక్కించి, నేల మీంచి టేపు పెట్టింది. పిడులు యాభై మూడు అంగుళాలు. తర్వాత ఆయన చంక మడత దగ్గర టేపు పెట్టింది. యాభై ఒకటిన్నర.

"ఒకటిన్నర అంగుళం ఎక్కువుంది. కుదరదు" అని కలం తీసింది.

అత్త నోరు తెరిచేలోపే మామయ్య ముందుకొచ్చాడు. ఆఫీసర్ల ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. మీరు పట్టింది చంక. భుజం కాదండి."

"మీరెవరు?"

"దర్జీనండి. ముప్ఫై ఏళ్ళుగా భుజాలే కొలుస్తున్నాను. చంక పట్టుకుని చొక్కా కుడితే మనిషి మెడ దాకా గుడ్డే రాదండి. భుజం అంటే ఇదీ, ఈ ఎముక కొస." అన్నగారి చొక్కా మీద సుద్దతో చుక్క పెట్టాడు. సుద్ద ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది.

ఇన్‌స్పెక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాం. ఆవిడ తన భుజం తనే తడుముకుని చూసుకుంది. తర్వాత లోపలికెళ్ళి లావుపాటి పుస్తకం తెచ్చి, వేలు పెట్టి పేజీలు తిప్పి, ఒకచోట ఆగి చదివింది.

"ఎముక పైకొసే అని ఉంది" అంది నెమ్మదిగా. టేపు మళ్ళీ పెట్టింది. యాభై ఆరున్నర. "మూడున్నర అంగుళాలు కిందనే ఉంది. సరిపోయింది. ఎన్నేళ్ళుగానో చంకే పట్టుకుంటున్నానే నేను!" అని పకపకా నవ్వింది. ఆవిడ నవ్వితే ఆఫీసంతా తలెత్తి చూసింది.

ఇంకా డ్రమ్ముల పరీక్ష ఉంది. రెండు డ్రమ్ముల చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ కాలు ఆన్చకుండా తిరగాలి. అత్త నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. పెదమామయ్య బయల్దేరాడు. మొదటి మలుపు, బయటి చెయ్యి ముందుకెళ్ళింది గానీ అందనంత దూరం పోలేదు, వీపు నిటారుగా ఉంది. రెండో మలుపు. మళ్ళీ మొదటిది. ఒక్కసారి చాలంటే ఆయన నాలుగుసార్లు తిరిగాడు. ఇన్‌స్పెక్టరమ్మ "ఇక దిగండి సార్, వేరేవాళ్ళున్నారు" అని కేకేస్తే గానీ ఆపలేదు.

కాగితాలు చేతికిస్తూ ఆవిడ అత్తని అడిగింది. "ఇది మీరే వంచారా? ఇలాంటి ఎత్తు హ్యాండిళ్ళు వారానికి నాలుగొస్తాయి మా దగ్గరికి. నాలుగూ వెనక్కి పంపిస్తాను. ఎవరు సరిచేస్తారని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఎవరి పేరూ లేదు. మీ పేరేంటి?"

"కొలతలక్క అనండి, మా వీధిలో చెబుతారు" అంది అత్త.

నెల తిరిగేసరికి అత్తకి అసలు లైసెన్సు కూడా వచ్చింది, అవే డ్రమ్ముల చుట్టూ తిరిగి. షాపులో ఒక కొత్త పద్ధతి పెట్టింది. కొత్త హ్యాండిల్ ఏదైనా సరే, కొన్నవాళ్ళు దాంతో ఫ్యాక్టరీ ఆవరణలో మూడు మలుపులు తిరిగి చూపించాలి, లేకపోతే బండి ఆ గేటు దాటదు. మొన్న ఒక పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పొడుగు హ్యాండిలే కావాలని పట్టుబట్టింది. అత్త ఆవిణ్ణి గోడ పక్కన కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. ఆవిడ చేతులు ఎక్కడ ఆగాయో తెలుసా? ఒళ్ళో, అలిసిపోయినట్టు. "మీకు హ్యాండిలక్కర్లేదండీ, సెలవు కావాలి" అంది అత్త. ఆవిడ కళ్ళు తెరిచి నవ్వి, పాత హ్యాండిలే కాస్త వెనక్కి వంపించుకుని వెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం నలుగురం రెండు బళ్ళ మీద బయటికెళ్ళాం. పెదమామయ్య వెనక నేను, నా బండి మీద అత్త, ఆవిడ వెనక మామయ్య. మామయ్య దారి పొడుగునా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. ఊరి బయట కొత్త రోడ్డు పడ్డాక వాడకుండా వదిలేసిన పాత రోడ్డు ముక్క ఒకటుంది. రెండు వైపులా గడ్డి, మనిషి జాడ లేదు. అక్కడ ఆగి, తెచ్చుకున్న రొట్టెలు తిని, ఫ్లాస్కులో టీ తాగాం.

టీ అయిపోయాక మామయ్య లేచి నా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు తుడిచాడు. అద్దంలో మీసం చూసుకున్నాడు.

"ఏంటండీ?" అంది అత్త.

"ఏం లేదు. నాకూ నేర్పిస్తావేమోనని."

"నేర్పిస్తాను. కానీ ముందు లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకోండి. అది లేకుండా ముట్టుకోనివ్వను."

మామయ్య చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అత్త మడతలు విప్పి చూసి ఆశ్చర్యపోయింది. బుధవారం తారీఖు ఉంది దాని మీద.

"బుధవారం దారం కొనడానికి వెళ్ళానన్నారు!"

"దారం కూడా కొన్నాను" అన్నాడు మామయ్య.

పెదమామయ్య గడ్డి మీద పడి దొర్లాడు నవ్వలేక. అత్త తాళంచెవి ఇచ్చి, క్లచ్ ఏదో బ్రేకు ఏదో వేలితో చూపించింది. మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. మూడోసారి మామయ్య కళ్ళు గట్టిగా మూసుకోవడం చూసి "కళ్ళు తెరవండీ!" అని అత్త అరిచింది. నాలుగోసారి బండి నిజంగా కదిలింది. పది గజాలు, ఇరవై గజాలు, మామయ్య బిగుసుకుపోయి బొమ్మలా కూర్చుని ముందుకి పోతున్నాడు, అత్త ఒకపక్క, పెదమామయ్య ఒకపక్క, ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తూ ఆయన వెంట పరిగెడుతున్నారు.